లేజర్ ప్లాస్మాల అతినీలలోహిత వర్ణపట అధ్యయనం

నిర్వచనం, పరిధి

శక్తిమంతమైన లేజర్ పల్స్‌ను ఒక లక్ష్యంపై చిన్న బిందువుగా కేంద్రీకరిస్తే ఆ చోటి పదార్థం క్షణంలో ఆవిరై, ఎలక్ట్రాన్లు, అయానులు కలిసిన వేడి మేఘంగా ఎగసివస్తుంది. దీన్ని లేజర్ ప్లాస్మా అంటారు. అది వెలువరించే అతినీలలోహిత కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి, వర్ణపట రేఖల స్థానం, తీవ్రత, వెడల్పు ఆధారంగా ప్లాస్మా ఉష్ణోగ్రతను, ఎలక్ట్రాన్ సాంద్రతను, అయనీకరణ స్థాయిని, విస్తరణ వేగాన్ని, మూలకాల పాళ్లను రాబట్టడం ఈ అధ్యయనం పని. కొన్ని ప్రయోగాల్లో ప్లాస్మా వెలువరించిన కాంతికి బదులు అది పీల్చుకున్న కాంతిని కొలుస్తారు (చూ. శోషణ పద్ధతి).

అతినీలలోహిత ప్రాంతం 400 నుంచి 10 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఫోటాన్ శక్తి లెక్కలో ఇది 3.1 నుంచి 124 ఎలక్ట్రాన్ ఓల్టులు. 400 నుంచి 200 నానోమీటర్ల కాంతి గాలిలోను, క్వార్ట్జ్ కిటికీల గుండాను సాగిపోతుంది. 200 దిగువన గాలిలోని ఆక్సిజన్ ఆ కాంతిని మింగేయడం మొదలవుతుంది కాబట్టి పరికరమంతా శూన్యంలో ఉండాలి. అందుకే దానికి శూన్య అతినీలలోహితం అని పేరు. లిథియం ఫ్లోరైడ్ స్ఫటికం సుమారు 105 నానోమీటర్ల వరకు దారి ఇస్తుంది. అంతకన్నా పొట్టి తరంగాలకు ఏ పారదర్శక కిటికీ పనికిరాదు. సుమారు 121 నుంచి 10 నానోమీటర్ల భాగాన్ని తీవ్ర అతినీలలోహితం అంటారు. పరిశ్రమలో ఈయూవీ అనే మాటే వాడుక.

ఈ అధ్యయనానికి అతినీలలోహితమే ఎందుకు ముఖ్యమో హైడ్రోజన్‌తో మొదలుపెట్టి చూస్తే తెలుస్తుంది. హైడ్రోజన్ లైమన్ శ్రేణి మొదటి రేఖ 121.6 నానోమీటర్ల వద్ద ఉంది. ఒకే ఎలక్ట్రాన్ మిగిలిన అయానులో ఇదే రేఖ తరంగదైర్ఘ్యం పరమాణు సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గిపోతుంది: లిథియంలో 13.5, కార్బన్‌లో 3.37 నానోమీటర్లు. ఎలక్ట్రాన్లు ఊడిపోయేకొద్దీ అయాను ప్రధాన రేఖలు మొత్తం మీద పొట్టి తరంగాల వైపు జరుగుతాయి. వేడి ప్లాస్మా తన శక్తిలో పెద్ద భాగాన్ని వెదజల్లేది కూడా అక్కడే. దృశ్యకాంతిలో మాత్రమే చూసే పరిశీలకుడికి ప్రధానంగా కనిపించేది ప్లాస్మా చల్లబడ్డాక మిగిలిన శేషం.

కార్బన్ లక్ష్యం దీనికి మంచి ఉదాహరణ. తటస్థ కార్బన్ రేఖ 247.86 నానోమీటర్ల వద్ద, ఒక ఎలక్ట్రాన్ పోయిన కార్బన్ రేఖలు 133.5 వద్ద, రెండు పోయినదాని రేఖ 97.7 వద్ద, మూడు పోయినదాని జంట రేఖలు 154.8, 155.1 వద్ద కనిపిస్తాయి. నాలుగు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్ ప్రధాన రేఖ 4.03 నానోమీటర్ల వద్ద ఎక్స్‌రే ప్రాంతంలో ఉన్నా, దాని ఉత్తేజిత స్థాయిల మధ్య పుట్టే మరో రేఖల గుంపు 227 నానోమీటర్ల దగ్గర క్వార్ట్జ్ కిటికీలోంచే దొరుకుతుంది. శూన్య పరికరం లేని ప్రయోగశాలలకు ఇది గొప్ప సౌకర్యం.

చరిత్ర

వెండి క్లోరైడ్ నల్లబడటాన్ని గమనించి 1801లో యోహాన్ రిట్టర్ అతినీలలోహిత కిరణాలను కనుగొన్నాడు. ఆ తర్వాత తొంభై ఏళ్ల దాకా 185 నానోమీటర్ల గోడ దాటడం సాధ్యం కాలేదు. గాలితో పాటు క్వార్ట్జ్ పట్టకం, ఫోటో ప్లేటుపై జెలటిన్ పూత కూడా అడ్డుపడ్డాయి. లైప్‌జిగ్‌లో విక్టర్ షూమన్ 1890ల్లో పరికరాన్ని శూన్యంలో పెట్టి, ఫ్లోరైట్ పట్టకం వాడి, జెలటిన్ దాదాపు లేని ప్లేట్లను తానే తయారుచేసుకుని ఆ గోడను దాటాడు. 1906లో థియొడోర్ లైమన్ గ్రేటింగ్ సాయంతో హైడ్రోజన్ శ్రేణి మొదటి రేఖను ప్రకటించాడు. 1920ల్లో రాబర్ట్ మిల్లికన్, ఐరా బోవెన్ శూన్యంలో విద్యుత్ స్ఫులింగాలు పుట్టించి అనేక ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయానుల రేఖలు నమోదు చేశారు. స్వీడన్‌లో బెంగ్ట్ ఎడ్లెన్ ఇదే దారిలో సాగి, సూర్యుడి కరోనాలోని అంతుపట్టని రేఖలు బాగా అయనీకరణం చెందిన ఇనుము, నికెల్, కాల్షియంలవని 1940ల ఆరంభంలో తేల్చాడు.

1960లో థియొడోర్ మైమన్ తొలి రూబీ లేజర్ నడిపాడు. రెండేళ్లలో వచ్చిన క్యూ-స్విచింగ్ పద్ధతి లేజర్ శక్తిని పదుల నానోసెకన్లలోకి కుదించడంతో ప్లాస్మా పుట్టించేంత తీవ్రత చేతికి వచ్చింది. 1966లో ఇంగ్లండ్‌లోని కల్హామ్ ప్రయోగశాలలో ఫాసెట్, గాబ్రియల్, ఐరన్స్, పీకాక్, సాండర్స్ లేజర్ ప్లాస్మాల తీవ్ర అతినీలలోహిత వర్ణపటాలను ప్రచురించారు. అది రాకెట్లు సూర్యుడి అతినీలలోహిత వర్ణపటాన్ని కిందికి తెస్తున్న కాలం. అందులోని రేఖలు ఏ అయానువో చెప్పాలంటే అలాంటి అయానులను భూమ్మీద పుట్టించి పోల్చాలి; కావలసిన మూలకం ముక్కను లక్ష్యంగా పెడితే చాలన్న వీలు లేజర్ ఇచ్చింది. 1970లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో కారియోన్, జేగ్లే, డేజ్ అల్యూమినియం లేజర్ ప్లాస్మా తీవ్ర అతినీలలోహిత కాంతిని ఎలా శోషిస్తుందో కొలిచారు. 1978లో డబ్లిన్‌లో కారల్, కెనెడీ, ఓసల్లివన్ అరుదైన మృత్తిక లోహాల లేజర్ ప్లాస్మాలు 4 నుంచి 200 నానోమీటర్ల వరకు దాదాపు రేఖలు లేని అవిచ్ఛిన్న కాంతిని ఇస్తాయని చూపారు.

ప్లాస్మా పుట్టుక, విస్తరణ

లేజర్ తాకగానే ఉపరితలం కరిగి, ఆవిరై, ఆ ఆవిరిలోని కొద్దిపాటి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అయానులను ఢీకొంటూ కాంతి శక్తిని పీల్చుకుంటాయి. అలా వేడెక్కిన ఎలక్ట్రాన్లు మరిన్ని పరమాణువులను అయనీకరిస్తాయి. సాంద్రత ఒక హద్దు దాటితే లేజర్ కాంతి ఇక లోపలికి పోదు. ఆ సందిగ్ధ సాంద్రత లేజర్ తరంగదైర్ఘ్య వర్గానికి విలోమంగా మారుతుంది: 1.064 మైక్రోమీటర్ల నియోడిమియం లేజర్‌కు ఘన సెంటీమీటరుకు సుమారు 10²¹ ఎలక్ట్రాన్లు, 10.6 మైక్రోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కు 10¹⁹. లేజర్ ఎంపికతోనే ప్లాస్మా ఎంత చిక్కగా ఉండాలన్నది నిర్ణయమైపోతుంది.

చదరపు సెంటీమీటరుకు 10⁹ వాట్ల దగ్గర ఉష్ణోగ్రత సుమారు ఒక ఎలక్ట్రాన్ ఓల్టు, అంటే 11,600 కెల్విన్లు. 10¹¹ వాట్ల దగ్గర అది పదుల ఎలక్ట్రాన్ ఓల్టులకు, 10¹⁴ దాటాక వేలకు చేరుతుంది. పుట్టిన ప్లాస్మా సెకనుకు పదుల నుంచి వందల కిలోమీటర్ల వేగంతో లక్ష్యానికి లంబంగా విస్తరిస్తూ పలచబడుతుంది, చల్లబడుతుంది. ఉపరితలానికి కొద్ది మైక్రోమీటర్ల దూరంలోను, ఒక మిల్లీమీటరు దూరంలోను సాంద్రతలో వేల రెట్ల తేడా ఉండవచ్చు. కాబట్టి ఏ రేఖ గురించైనా మొట్టమొదట తేల్చవలసింది అది ఏ పొర నుంచి, ఏ క్షణంలో వచ్చిందన్నదే. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఆ ప్రశ్నను పక్కన పెట్టడమే.

కాంతి వెలువడే తీరు

మొదటి నానోసెకన్లలో అవిచ్ఛిన్న కాంతి ప్రధానం. అయానుల పక్కగా పోతూ దారి మళ్లిన ఎలక్ట్రాన్లు, అయానుల్లో తిరిగి చిక్కుకున్న ఎలక్ట్రాన్లు దాన్ని వెలువరిస్తాయి. తర్వాత ఎక్కువ ఆవేశం గల అయానుల రేఖలు, ఆపై తక్కువ ఆవేశం గలవి, పిమ్మట తటస్థ పరమాణువుల రేఖలు వరుసగా పైకి తేలతాయి. గాలిలో చేసిన ప్రయోగాల్లో మైక్రోసెకన్ల తర్వాత అణువులు కూడా ఏర్పడతాయి. లక్ష్యంలోని కార్బన్ గాలిలోని నైట్రోజన్‌తో కలిసి 388.3 నానోమీటర్ల వద్ద సయనోజన్ పట్టీని ఇస్తుంది.

బరువైన మూలకాల తీరు వేరు. తగరం, జినాన్, గాడోలినియం వంటి వాటిలో పాక్షికంగా నిండిన కక్ష్యల మధ్య సంక్రమణాలు వేల సంఖ్యలో ఒకే చోట గుమికూడతాయి. రేఖలు విడివిడిగా కనబడక ఒక పట్టీగా కలిసిపోతాయి. వీటిని అవిభాజ్య సంక్రమణ సమూహాలు అనవచ్చు. 1979లో బోష్-ఆర్నూ, బోష్, క్లాపిష్ ప్రతి రేఖనూ లెక్కించకుండా సమూహం సగటు స్థానాన్ని, వెడల్పును గణాంక పద్ధతిలో కనుగొనే సిద్ధాంతం ఇచ్చారు.

పరికరాలు

200 నానోమీటర్లకు పైన సాధారణ స్పెక్ట్రోమీటరు, క్వార్ట్జ్ కటకాలు సరిపోతాయి. 115 వరకు మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత పూసిన అల్యూమినియం అద్దాలు బాగా పరావర్తనం చేస్తాయి. సుమారు 30 నానోమీటర్ల దిగువన నిటారుగా పడిన కాంతిని లోహపు అద్దాలు దాదాపు వెనక్కి పంపవు. కాంతిని ఉపరితలానికి ఒరుసుకుంటూ, కొద్ది డిగ్రీల వాలుతో పంపితేనే పరావర్తనం వస్తుంది. ఇలాంటి పరికరాల్లో వంపు గ్రేటింగ్ తానే కాంతిని విడదీసి తానే కేంద్రీకరిస్తుంది. పాత అమరికలో వర్ణపటం రౌలాండ్ వృత్తం వెంట వంపుగా పడేది. ఫోటో ఫిల్మును వంచి అమర్చేవారు. 1980ల్లో జపాన్‌లో గీతల ఎడం క్రమంగా మారే గ్రేటింగులు రావడంతో వర్ణపటం చదునైన తలంపై పడసాగింది. చదునైన సీసీడీ చిప్పులు వాడుకలోకి రావడానికి ఈ మార్పే దారి వేసింది.

వెనక వైపు నుంచి కాంతిని స్వీకరించే పలుచని సీసీడీలు సున్నితమైనవే గాని కాలాన్ని విడదీయలేవు. కొన్ని నానోసెకన్ల పాటు మాత్రమే తెరుచుకునే మైక్రోఛానెల్ ప్లేట్లు, పికోసెకన్ల మార్పులు పట్టే స్ట్రీక్ కెమెరాలు ఆ పని చేస్తాయి. ప్లాస్మా నుంచి ఎగిరే చెత్త అద్దాలపై పూతలా పేరుకుంటుంది కాబట్టి చీలిక దగ్గర అడ్డుతెరలు, పలుచని వాయు ప్రవాహం అవసరమవుతాయి.

దృశ్యకాంతిని ఆపడానికి కొన్ని వందల నానోమీటర్ల మందం గల అల్యూమినియం రేకు వాడతారు. అది సుమారు 17 నుంచి 80 నానోమీటర్ల వరకే కాంతిని పోనిస్తుంది. 17 నానోమీటర్ల దగ్గర దాని ప్రసారం ఒక్కసారిగా తెగిపోయే అంచు వర్ణపటంలో స్పష్టంగా కనబడుతుంది. తరంగదైర్ఘ్యాల స్కేలును సరిచూసుకోవడానికి అదే గుర్తు. గ్రేటింగ్ ఉన్నత శ్రేణులు మరో చిక్కు: 13.5 నానోమీటర్ల బలమైన రేఖ రెండో శ్రేణిలో 27.0 వద్ద మళ్లీ ప్రత్యక్షమై, అక్కడ లేని రేఖను ఉన్నట్టు భ్రమింపజేస్తుంది. తీవ్రతలను నిక్కమైన ప్రమాణంలో చెప్పాలంటే పరికరాన్ని సింక్రోట్రాన్ కాంతితోగాని, 115 నానోమీటర్లకు పైన డ్యుటీరియం దీపంతోగాని పోల్చి క్రమాంకనం చేయాలి.

వర్ణపటం నుంచి కొలతలు

ఉష్ణోగ్రత: ఒకే అయానుకు చెందిన అనేక రేఖల తీవ్రతను తరంగదైర్ఘ్యంతో గుణించి, స్థాయి గుణకంతోను, సంక్రమణ సంభావ్యతతోను భాగించి, దాని సంవర్గమానాన్ని ఎగువ స్థాయి శక్తికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు ఉష్ణోగ్రతను చెబుతుంది. ఇది బోల్ట్జ్‌మన్ గీత. స్థాయిల మధ్య శక్తి భేదం తక్కువైతే వాలులో దోషం పెరుగుతుంది కాబట్టి వరుస అయానుల రేఖలను సాహా సమీకరణంతో కలిపి వాడతారు. మేఘనాద్ సాహా 1920లో నక్షత్రాల కోసం ఇచ్చిన ఆ సమీకరణం నేడు లేజర్ ప్లాస్మా ప్రయోగశాలలో రోజువారీ పనిముట్టు.

సాంద్రత: చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయానుల విద్యుత్ క్షేత్రం వల్ల రేఖలు వెడల్పవుతాయి. ఈ స్టార్క్ వెడల్పు నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత తెలుస్తుంది. అల్యూమినియం లక్ష్యాల్లో ఒక ఎలక్ట్రాన్ పోయిన అయాను ఇచ్చే 281.6 నానోమీటర్ల రేఖ ఇందుకు ఎంతో అనువైనది. ఉష్ణోగ్రత ముందే తెలియకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది, సమతాస్థితి ఉందా లేదా అన్న వివాదంతోనూ దీనికి పెద్దగా పని లేదు. అందుకే అన్ని కొలతల్లో దీన్నే ఎక్కువగా నమ్ముతారు.

వేగం: డాప్లర్ జరుగుబాటు దీన్ని తెలుపుతుంది. సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వచ్చే అయాను 100 నానోమీటర్ల రేఖను 0.03 నానోమీటర్లు జరుపుతుంది. మంచి స్పెక్ట్రోమీటరుకు ఇది అందుతుంది.

స్వీయ శోషణ: భూస్థితికి దిగే బలమైన రేఖలను బయటి చల్లని పొర మళ్లీ పీల్చుకుంటుంది. రాగి 324.75, మెగ్నీషియం అయాను 279.55 రేఖల నడిమధ్యన పడే గుంట దీని గుర్తు. ఆ గుంటను గమనించకుండా రేఖ ఎత్తును కొలిస్తే మూలకం పాలు తక్కువగా, వెడల్పును కొలిస్తే సాంద్రత ఎక్కువగా వస్తుంది.

సమతాస్థితి నమూనాలు

సాహా, బోల్ట్జ్‌మన్ సూత్రాలు వర్తించాలంటే స్థాయిల మధ్య మార్పులను కాంతి ఉద్గారం కన్నా ఎలక్ట్రాన్ తాకిడులే ఎక్కువగా నడపాలి. అందుకు కావలసిన కనీస సాంద్రతను మెక్‌విర్టర్ ప్రమాణం చెబుతుంది: 1.6×10¹² ను కెల్విన్లలోని ఉష్ణోగ్రత వర్గమూలంతోను, ఎలక్ట్రాన్ ఓల్టుల్లోని స్థాయి భేదం ఘనంతోను గుణించాలి. ఒక ఎలక్ట్రాన్ ఓల్టు ప్లాస్మాలో 4 ఎలక్ట్రాన్ ఓల్టుల భేదానికి ఇది ఘన సెంటీమీటరుకు సుమారు 10¹⁶. ఆ సాంద్రత తేలిగ్గానే దొరుకుతుంది. 100 ఎలక్ట్రాన్ ఓల్టుల వేడిలో, ఒకే ఎలక్ట్రాన్ మిగిలిన కార్బన్ 367 ఎలక్ట్రాన్ ఓల్టుల సంక్రమణానికి ఇదే లెక్క 10²²ను దాటిపోతుంది. అది నియోడిమియం లేజర్ సందిగ్ధ సాంద్రతకే పదుల రెట్లు. ఈ ప్రమాణం అవసరమైన షరతే గాని సరిపోయే షరతు కాదు. వేగంగా మారే ప్లాస్మాలో దాన్ని దాటినా సమతాస్థితి రాకపోవచ్చు.

చాలా పలుచని ప్లాస్మాకు కరోనా నమూనా సరిపోతుంది. అందులో ఎలక్ట్రాన్ తాకిడి పైకి నెడుతుంది, కాంతి ఉద్గారం కిందికి దించుతుంది. లేజర్ ప్లాస్మాలో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య పడుతుంది. అక్కడ ప్రతి స్థాయికీ రాకపోకలన్నీ లెక్కించే తాకిడి-వికిరణ నమూనా కావాలి. 1962లో బేట్స్, కింగ్‌స్టన్, మెక్‌విర్టర్ దీనికి పునాది వేశారు. 1973లో కొలంబాన్, తోనోన్ లేజర్ ప్లాస్మాల అయాను పాళ్లకు దీని సరళ రూపం ఇచ్చారు. తొలి అంచనాకు నేటికీ దాన్నే వాడతారు.

శోషణ పద్ధతి

రెండు లేజర్లతో రెండు ప్లాస్మాలు పుట్టిస్తారు. ఒకటి అరుదైన మృత్తిక లోహం నుంచి వచ్చే అవిచ్ఛిన్న కాంతికి మూలం. రెండోది పరిశీలించవలసిన ప్లాస్మా. రెండు పల్సుల మధ్య వ్యవధిని మారుస్తూ పోతే రెండో ప్లాస్మా పుట్టిన నాటి నుంచి చల్లారే దాకా ఏ దశనైనా చూడవచ్చు. ఉద్గారంలో కాంతి ఇవ్వని భూస్థితి అయానులు, తటస్థ పరమాణువులు ఇందులో బయటపడతాయి. ఈ పద్ధతికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదు.

ఉపయోగాలు

మూలక విశ్లేషణ: లిబ్స్ అనే పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో నమూనాపై ఒక్క లేజర్ పల్స్ వేసి, వచ్చిన మెరుపు వర్ణపటం నుంచి మూలకాలను గుర్తిస్తారు. ఉక్కులో కార్బన్‌కు 193.09, గంధకానికి 180.7, భాస్వరానికి 178.3 నానోమీటర్ల రేఖలు నమ్మకమైనవి. అవన్నీ గాలి మింగే ప్రాంతంలో ఉన్నందున దారిని ఆర్గాన్‌తోనో నైట్రోజన్‌తోనో నింపుతారు. 2012లో అంగారకుడిపై దిగిన క్యూరియాసిటీ రోవర్‌లోని కెమ్‌క్యామ్ 7 మీటర్ల వరకు దూరంలోని రాళ్లను ఇలా పరీక్షిస్తుంది. దాని మూడు స్పెక్ట్రోమీటర్లలో ఒకటి 240 నుంచి 342 నానోమీటర్ల అతినీలలోహితానికే కేటాయించినది. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్‌లోని లిబ్స్ పరికరం చంద్రుడి దక్షిణ ధ్రువ సమీప నేలలో గంధకం ఉన్నట్టు చూపింది. ఆ పరికరం తయారైంది బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాలలో. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం పేలుడు పదార్థాల గుర్తింపుకు ఈ పద్ధతిని మలిచింది. సయనోజన్ పట్టీ అక్కడ ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి.

చిప్పుల తయారీ: అతిచిన్న ట్రాన్సిస్టర్ల అచ్చులు వేసే ఈయూవీ లిథోగ్రఫీకి కాంతి మూలం తగరం లేజర్ ప్లాస్మా. శూన్య గదిలో సుమారు 30 మైక్రోమీటర్ల వ్యాసం గల కరిగిన తగరం చుక్కలు సెకనుకు 50,000 చొప్పున జారుతుంటాయి. మొదటి పల్స్ ప్రతి చుక్కనూ పలుచని బిళ్లగా చదును చేస్తుంది. వెంటనే వచ్చే కార్బన్ డయాక్సైడ్ లేజర్ పల్స్ దాన్ని ప్లాస్మాగా మారుస్తుంది. 8 నుంచి 14 వరకు ఎలక్ట్రాన్లు కోల్పోయిన తగరం అయానుల సంక్రమణ సమూహాలన్నీ 13.5 నానోమీటర్ల చుట్టూ ఒకదానిపై ఒకటి పడతాయి. మాలిబ్డినం, సిలికాన్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన అద్దాలు సుమారు 70 శాతం పరావర్తనం ఇచ్చేది ఆ తరంగదైర్ఘ్యం దగ్గరే, అదీ దాని చుట్టూ ఇరుకైన పట్టీలో మాత్రమే. పది అద్దాలు దాటేసరికి మొదటి కాంతిలో 3 శాతం లోపే మిగులుతుంది. కాబట్టి పట్టీ బయట వెలువడే కాంతి ఎంతో, ఎందుకో తెలుసుకోవడం ఇక్కడ నేరుగా ఉత్పత్తి ఖర్చుతో ముడిపడిన విషయం. ఏళ్ల తరబడి 13.5 నానోమీటర్ల కాంతిని ఒక ఎలక్ట్రాన్ మాత్రమే ఉత్తేజితమైన స్థాయిలకు ఆపాదించారు. 2020లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని నానోలిథోగ్రఫీ పరిశోధన కేంద్రం లాస్ అలమోస్ శాస్త్రవేత్తలతో కలిసి, రెండు మూడు ఎలక్ట్రాన్లు ఒకేసారి ఉత్తేజితమైన స్థాయిల వాటాయే ప్రధానమని చూపింది. అప్పటి నుంచి కాంతి మూలాల నమూనాల్లో ఈ స్థాయిలకు చోటు తప్పనిసరైంది.

పొట్టి తరంగాల లేజర్లు: 1984లో లివర్‌మోర్ ప్రయోగశాలలో సెలీనియం ప్లాస్మా 20.6, 20.9 నానోమీటర్ల వద్ద కాంతిని వర్ధనం చేసింది. ప్లాస్మా పొడవు పెంచినప్పుడు ఆ రెండు రేఖల తీవ్రత ఘాతాంక రీతిలో పెరగడమే దానికి రుజువు. అదే కాలంలో ప్రిన్స్‌టన్‌లో కార్బన్ ప్లాస్మా పునస్సంయోగంతో 18.2 నానోమీటర్ల రేఖలో వర్ధనం సాధించారు.

పరికరాల పరీక్ష: ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో లేజర్ ప్లాస్మా పరిశోధనతో పాటు ఇండస్-1 సింక్రోట్రాన్ కూడా ఉంది. బహుళ పొరల అద్దాలు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత పరావర్తనం చేస్తాయో అక్కడ కొలుస్తారు.

ఖగోళ భౌతికం: సూర్యుడి కరోనా చిత్రాల్లో విరివిగా వాడే 17.1 నానోమీటర్ల రేఖ ఎనిమిది ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుముది. దాన్ని, దాని పొరుగు రేఖలను గుర్తించడంలో 1960ల నాటి బ్రిటిష్ ప్రయోగశాలల ప్లాస్మాలు తోడ్పడ్డాయి. నక్షత్రాల లోపల ఇనుము కాంతిని ఎంతగా అడ్డుకుంటుందన్నది మరో ప్రశ్న. పాత లెక్కలు వాడితే సెఫీడ్ నక్షత్రాల స్పందన కాలాల నిష్పత్తులు పరిశీలనలతో కుదిరేవి కావు. కొత్త గణనలు ఇనుము అయానుల్లో ఒకే ప్రధాన క్వాంటం సంఖ్య గల స్థాయిల మధ్య సంక్రమణాలను పూర్తిగా చేర్చి, దాని అపారదర్శకతను బాగా పెంచాయి. 1992లో లివర్‌మోర్‌లో లేజర్ సాయంతో వేడిచేసిన ఇనుము రేకు గుండా తీవ్ర అతినీలలోహిత కాంతిని పంపి చేసిన శోషణ కొలతలు ఆ పెంపు సరైనదేనని నిర్ధారించాయి.